రంపలో మిగిలిన చోటు

రాజమండ్రి నుంచి గోకవరం దాటితే అడవిగాలి తగులుతుంది. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం పోలీస్ స్టేషన్‌ను ముట్టడించిన రంపచోడవరం ఇక దగ్గరే. పర్యాటకులు ఇక్కడ ఆగరు, మారేడుమిల్లి బొంగు చికెన్ పిలుస్తుంటుంది మరి! మేం దిగాం. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో కలిసి పెరిగిన నలుగురం. యాభై దగ్గరపడ్డాయి.

రంప జలపాతం దగ్గర కబుర్లన్నీ షుగరు మాత్రలు, పిల్లల ఇంజనీరింగు ఫీజులే. దేవీపట్నం వాణ్ణి "ఊరెళ్లొచ్చావా?" అన్నాను.

"ఏ ఊరురా? 2021లో పోలవరం కాఫర్ డ్యామ్ నీళ్లొచ్చాయిగా. కాలనీలో ఇల్లిచ్చారు. మా చింతచెట్టు ఎవరిస్తారు? పిల్లకి నా చిన్నతనం చూపిద్దామంటే మన హాస్టలే మిగిలింది."

అందుకే కూతుర్నీ తెచ్చాడు. సాయంత్రం హాస్టల్ వరండాలో, తను చాప వేసుకున్న మూల చూపిస్తున్నాడు.