కోర్టు కాగితం వచ్చినాక

2024 జులై 8, సోమవారం
పొద్దున కళ్యాణదుర్గం నుంచి కోర్టు అమీనా వచ్చాడు. తీసుకోకపోతే తలుపుకు అంటించి పోతానన్నాడు. సంతకం పెట్టి తీసుకున్నా. వాది: మా మేనమామ. ప్రతివాది: నేను. అసలు లక్షన్నర, రెండు రూపాయల వడ్డీ, కలిపి రెండున్నర లక్షల పైచిలుకు. బోరు కోసం తెచ్చిన డబ్బు. ఏడు వందల అడుగులు దింపితే దుమ్ము లేచింది.

అమ్మకు చెప్పలేదు. మధ్యాహ్నానికి ఎవరో చెప్పేశారు.

జులై 11
లాయరు గారి దగ్గరికి పోయినా. నోటు రాసింది 2021 జూన్ 21న. మూడేళ్లు నిండితే కాలదోషం. వారం ముందే, జూన్ 14న దావా పడింది. మామ లెక్క ఎప్పుడూ అంతే.

బయటికొచ్చినాక గుమాస్తా గొంతు తగ్గించి, "సంతకం నీది కాదని రాద్దామా? ఎక్స్‌పర్టుకు పంపితే ఏళ్లు పడుతుంది" అన్నాడు. నోటు నకలు చూశాను. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా నా సంతకం. చివరి అక్షరం తోక స్టాంపు దాటి కిందికి జారింది. నా రాతే. వద్దన్నా.

సంతకం ఒప్పుకుంటే డబ్బు ముట్టినట్టే కోర్టు అనుకుంటుందట, 1881 నాటి చట్టం, 118వ సెక్షన్. తీర్చానని చూపించే బరువు నాది. ఇరవై వేలు ఫోన్‌లో పంపినా, బ్యాంకు స్టేట్‌మెంటు ఉంది. పొట్టేళ్లు అమ్మి చేతికిచ్చిన అరవై వేలకు నోటు వెనక చెల్లు రాయించుకోలేదు. మేనమామ ఇంట్లో అన్నం తిని లేస్తూ, చెల్లు రాయి మామా అని ఎట్ల అడిగేది?

జులై 18
నిన్న గూగూడులో పీర్ల పండగ అయిపోయింది. రాత్రి అమ్మే ఎత్తింది. "రెండేండ్ల కిందట పండగ అయిన మర్నాడే కదరా దుడ్లు ఇచ్చింది. వాడు రెండుసార్లు ఎంచి, ఇనప్పెట్టెలో పెట్టినాడు. నేను ఆడనే కూసోనుంటి."

"కోర్టులో చెప్తావామ్మా?"

చాలాసేపు చెనిక్కాయలు వలుస్తూ ఉండిపోయింది. "చెప్తా. అయితే వాడు అబద్ధాలకోరని మీ లాయరు నాతో అనిపించకూడదు. అసలు ఎగ్గొట్టేది కూడా వద్దు."

జులై 24
అడంగల్, 1బీ తీసి ఇచ్చినా. నేను రైతునని తేలితే వడ్డీ తగ్గించే చట్టం ఒకటుందట, 1938ది. రాజాజీ ప్రభుత్వం తెచ్చింది. అప్పుడు అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండె. నూటికి ఏడాదికి ఇరవై నాలుగు అని దావాలో చూస్తే గుండె ఝల్లుమంది గానీ, నెలకు రెండు రూపాయలంటే ఊళ్లో అది ధర్మవడ్డీ.

ఆగస్టు 5
ముప్పై రోజుల గడువు ఎల్లుండితో సరి. జవాబు దావా ఈరోజు వేసినాం. నోటు ఒప్పుకున్నా, ఎనభై వేలు తీర్చానన్నా, వడ్డీ తగ్గించమన్నా. సెప్టెంబర్ 14న లోక్ అదాలత్ ఉంది, రాజీ పడితే మామకు కోర్టు ఫీజు వాపసొస్తుందని లాయరు గారన్నారు. ఆ మాటకు మెత్తబడినా పడతాడు.

సాక్షుల పేర్లలో మొదట అమ్మది. వయసు దగ్గర గుమాస్తా ఆగాడు. ఆధార్‌లో వేసింది తప్పు. అమ్మకు తెలిసిందల్లా తమ్ముడి కంటే ఆరేళ్లు పెద్దనని. అదే చెప్పినా. అతను దావా కాగితం తిప్పి, వాది వయసు చూసి, ఆరు కలిపి రాసుకున్నాడు.