గోడ దగ్గరి అల

సముద్రం చూడబోయినవారు సాధారణంగా దిగంతం వైపు చూస్తారు. నా చూపు మాత్రం అల ఒడ్డును తాకే చోటనే నిలిచిపోతుంది. ఇసుక ఒడ్డున అల ప్రవర్తన వేరు, గోడ దగ్గర దాని ప్రవర్తన వేరు. కాకినాడ నుండి ఉప్పాడకు వెళ్లే తీరపు రోడ్డు మీద ఈ భేదం నాకు స్పష్టంగా కనిపించింది.

వాలుగా ఉన్న ఇసుక మీదికి వచ్చే అల మొదట విరుగుతుంది. నురగగా మారి పైకి పాకుతుంది. కొంత నీరు ఇసుకలో ఇంకిపోగా మిగిలినది నీరసంగా వెనుకకు జారుతుంది. ఎంతో దూరం నుండి మోసుకువచ్చిన శక్తిని చాలావరకు అక్కడే వదిలివేస్తుంది. నిటారు గోడకు ఆ ఓర్పు లేదు. తాకిన అలను తాకినట్లే తిప్పి పంపుతుంది. వచ్చే అల, పోయే అల ఎదురై కలిసినప్పుడు గోడ చెంత నీరు మామూలు అలకు దాదాపు రెట్టింపు ఎత్తు లేస్తుంది. అలలు ఏటవాలుగా వస్తే, తిరుగు అలలు వాటిని అడ్డంగా దాటుతూ పోతాయి. అప్పుడు సముద్రం గళ్లు గళ్లుగా వల పరచినట్లు ఉంటుంది. అది కంటికి ఇంపే గాని, పడవ నడిపేవానికి కాదు.

అసలు నష్టం నీటి అడుగున జరుగుతుంది. ఈ కల్లోలం గోడ పాదం దగ్గరి ఇసుకను కదిలించి తీసుకుపోతుంది. తన ఎత్తు నీటి లోతులో సుమారు నాలుగింట మూడు వంతులకు చేరినప్పుడు అల విరుగుతుంది. కనుక లోతు తక్కువైన చోట పెద్ద అలలు దూరంలోనే విరిగిపోతాయి. ఇసుక పోయి లోతు పెరిగితే అవే అలలు విరగకుండా గోడ దాకా వస్తాయి. గోడ తన శత్రువును తానే పిలుచుకుంటుందన్న మాట! గోడ ముగిసిన చోట, దాని పక్కనున్న ఒడ్డుకు కోత మరింత ఎక్కువ.

ఉప్పాడ తీరాన ఇసుక నింపిన జియోట్యూబులను, బండరాళ్లను పేర్చారు. అయినా తుపానులకు రోడ్డు పదే పదే దెబ్బతిన్నది. నిటారు గోడ కంటే రాళ్ల కట్ట నయమే. సందులలో నీరు చొరబడి కొంత బలం కోల్పోతుంది. 1950లో ఫ్రాన్సులో రూపొందిన నాలుగు కాళ్ల కాంక్రీటు టెట్రాపాడ్ ఉద్దేశమూ అదే. కాని ఇసుకే లేనప్పుడు పడవను ఎక్కడికి లాగాలి? వల ఎక్కడ ఆరవేయాలి? అలాగని గోడ వద్దని చెప్పే సాహసం నేను చేయలేను. ఇంటి గడప దాకా నీరు వచ్చిన మనిషికి ముందు ఈ ఏడు గడవాలి.

ఒడ్డున గోడ కట్టడం ఒక్కటే మార్గం కాదని పుదుచ్చేరి అనుభవం చెబుతుంది. 1980ల చివర అక్కడి రేవు కోసం సముద్రంలోకి కట్టిన గోడలు, తీరం వెంట ఉత్తరానికి సాగే ఇసుకను అడ్డగించాయి. పట్టణం ముందున్న బీచ్ మాయమై రాళ్లు మిగిలాయి. 2018-19 ప్రాంతంలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఆధ్వర్యంలో అక్కడ నీటి అడుగున దిబ్బ వంటి నిర్మాణం వెలిసింది. అల దాని మీదనే విరిగి, బలం తగ్గి ఒడ్డు చేరుతుంది. రేవులో తవ్వి తీసిన ఇసుకను కూడా తీరాన పోశారు. మూడు దశాబ్దాల తరువాత ఆ పట్టణం ముందు మళ్లీ ఇసుక కనిపించింది.