మాటకు కూడా సగ ఉంటది



మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మా బాపు వేలిముద్ర వేస్తాడు. అవ్వకు సంత లెక్కలన్నీ నోటికే వచ్చు గాని అక్షరం రాదు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఇంగ్లీషు మాటకు అర్థం తెలియకపోతే అడగటానికి ఎవరూ లేరు. మన హాస్టల్లో చాలామందికి ఇట్లనే ఉంటది. అందుకని మాట చేతనే దాని అర్థం చెప్పించే ఉపాయం ఒకటి రాస్తున్నాను. పెద్ద డిక్షనరీలో ఒక్కొక్క మాట దగ్గర అది ఎక్కడ పుట్టిందో రాసి ఉంటది. మా ఇంగ్లీషు సారు అది చూపించారు.

మా గోండుల్లో నాలుగు దేవుళ్ల సగ, ఐదు దేవుళ్ల సగ, ఆరు దేవుళ్ల సగ, ఏడు దేవుళ్ల సగ అని ఉన్నవి. కొత్తవాళ్లు ఎవరు వచ్చినా ఇంటిపేరు చెప్పంగానే వాళ్లు ఏ సగనో, మాకు అన్నదమ్ములో, పెళ్లి సంబంధం కలిసేవాళ్లో పెద్దలు చెప్పేస్తారు. ఇంగ్లీషు మాటలకు కూడా ఇట్లాంటి ఇంటిపేర్లున్నవి. వాటిని మూలపదాలంటారు. చాలావరకు గ్రీకు, లాటిన్ అనే పాత భాషల నుంచి వచ్చినవి.

గ్రీకులో 'టెలి' అంటే దూరం. 'ఫోన్' అంటే ధ్వని. దూరం నుంచి వచ్చే ధ్వని టెలిఫోన్. 'జియో' అంటే భూమి, 'గ్రాఫ్' అంటే రాత. భూమిని గురించిన రాత జాగ్రఫీ. 'బయో' అంటే జీవితం. ఒకరి జీవితాన్ని గురించిన రాత బయోగ్రఫీ. 'ఫోటో' అంటే వెలుగు. ఫోటోసింథసిస్ అనే మాటకు మనకు నోరు తిరగదు. 'సిన్' అంటే కలిపి, 'థసిస్' అంటే పెట్టుట. వెలుగుతో కలిపి పెట్టుట! ఆకు చేసే పని అదే కదా. నీళ్లను, గాలిలోని కార్బన్ డయాక్సైడును ఎండ వెలుగుతో కలిపి ఆహారం చేస్తది.

లాటిన్‌లో 'పోర్ట్' అంటే మోయుట. రైలు స్టేషన్‌లో మూటలు మోసేవాడు పోర్టర్. దేశం లోపలికి మోసుకొచ్చేది ఇంపోర్ట్, బయటికి మోసేది ఎక్స్‌పోర్ట్, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసేది ట్రాన్స్‌పోర్ట్. ఒక్క మూలం పట్టుకుంటే నాలుగు మాటలు దొరికినయి. బట్టీ పట్టింది వారానికి మరిచిపోతాం. చుట్టరికం మరిచిపోము.

కాని ఒక జాగ్రత్త. ఇన్‌కరెక్ట్ అంటే కరెక్టు కానిది. అట్లని పెట్రోలు లారీ మీద రాసే ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది అనుకునేరు! అక్కడ 'ఇన్' అంటే కాదు అని కాదు. ఆ మాటకు తొందరగా అంటుకునేది అని అర్థం. అందుకే ముందు ఊహించాలి, తర్వాత డిక్షనరీ చూడాలి.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో పెద్ద ఎలుకను బాండికూట్ అంటారు. అది మన పందికొక్కే! తెలుగు నుంచి పోయింది. ఇంగ్లీషు అంత పెద్ద భాష అయింది అన్నీ సొంతంగా పుట్టించుకొని కాదు, నలుగురి దగ్గర తెచ్చుకొని దాచుకొని.

ఇదే ఉపాయంతో నేను మా భాషను కూడా చూసినాను. చెవిని మేము కెవి అంటాం, చెయ్యిని కై అంటాం. అది విని కొందరు నవ్వుతారు. గోండి అంటే చెడిపోయిన తెలుగు అంటారు. మరి కన్నడంలో ఏమంటారు? చెవిని కివి, చెయ్యిని కై అంటారు. పాతకాలంలో ఈ మాటలకు ముందర ఉన్నది 'క'నే. తెలుగులో తర్వాత 'క' పోయి 'చ' వచ్చింది. గోండిలో పాతది అట్లనే నిలిచింది. 1856లో రాబర్ట్ కాల్డ్‌వెల్ అనే ఆయన ద్రావిడ భాషల వ్యాకరణం రాసి తమిళం, తెలుగు, కన్నడంతో పాటు గోండిని కూడా ఆ కుటుంబంలోనే చేర్చినాడు. అంటే తెలుగు, గోండి అక్కచెల్లెళ్లు. అక్క ఇంట్లో బడి ఉంది, పుస్తకాలున్నవి. చెల్లె ఇంట్లో పాత సొమ్ము భద్రంగా ఉంది. ఇందులో నవ్వేది ఏముంది?

మేడం గారు ఒప్పుకుంటే భోజనాల దగ్గర ఉన్న నల్లబల్ల మీద రోజుకొక మూలపదం రాద్దాం. దాని కింద ఎవరికి దొరికిన చుట్టాలను వాళ్లు రాయాలి. కొలాం చెల్లెళ్లు, లంబాడా అక్కలు మీ ఇంట్లో చెవిని, చెయ్యిని ఏమంటారో పక్కన రాయండి. సిగ్గుపడకండి.

రేపటి మూలపదం 'థర్మో', అంటే వేడి. జ్వరం వస్తే నర్సమ్మ మన చంకలో పెట్టేది దానికి మొదటి చుట్టం. మిగిలినవాళ్లను మీరే వెతకండి.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని