కోడిని కోస్తామా, చంపుతామా?

పొద్దున్నే మల్లెలు కోస్తాం, వంటకి వంకాయలు కోస్తాం, పండక్కి కోడినీ కోస్తాం. మాట ఒకటే! చంపేది దోమల్ని, బొద్దింకల్ని. చేపల్నయితే పడతాం, అంతే. మేకపోతు "వేట" అయిపోతుంది, అడవికెళ్ళి వేటాడింది ఎవరూ లేకపోయినా. తెలంగాణ వైపు అదే "యాట".

మొన్న అత్తయ్యగారు "రేపు పుంజుని కోయిద్దాం" అన్నారు. రోజూ దానికి గింజలేసే మా చిన్నది "అంటే చంపేస్తారా నానమ్మా?" అంది.

"చంపడమేమిటే, కోయడం!" అన్నారావిడ, చిన్నబుచ్చుకుని. ఆవిడకి పుట్టినప్పట్నుంచీ అదే మాట మరి.

పిల్ల కూర ముట్టలేదు. నేనూ బలవంతపెట్టకుండా పప్పన్నం కలిపి పెట్టాను. నాకూ ఆ రోజు ముద్ద దిగలేదు, అత్తయ్యగారితో అనకండేం! వచ్చే ఆదివారం ఏం వండాలో ఇంకా తేలలేదు.