ముసలి పిల్లి బరువు, మా యింటి పద్దు

గృహస్థు వ్రాసికొను జమాఖర్చుల పుస్తకములో బియ్యము, పాలు, పిల్లల చదువు, మందులు అను పద్దులకు దక్కు గౌరవము ఇంట పెరిగిన మూగజీవి పోషణకు సాధారణముగా దక్కదు. అది ‘ఇతరములు’ అను శీర్షిక క్రింద చిల్లర ఖర్చులతో కలిసిపోవును. విజయవాడలోని మా యింట పదునాలుగేండ్లుగా మాతోబాటు బ్రదుకుచున్న చుక్కి అను పిల్లికి నేనొక ప్రత్యేకమైన పద్దు తెఱచితిని. వార్ధక్యములో దాని బరువును కాపాడుటకు ఏ సొమ్మును ముందు, ఏ సొమ్మును తరువాత వ్యయపఱుపవలయునో, ఆ ఖర్చును విడదీసి చూచికొననిదే తెలియదని నాకు తోచినది.

నడివయస్సులో పిల్లులు స్థూలించుట ఎంత సహజమో, పండ్రెండేండ్లు దాటిన పిమ్మట చిక్కిపోవుట అంత తఱచు. జీర్ణశక్తి సన్నగిల్లి మాంసకృత్తులును క్రొవ్వును మునుపటివలె ఒంటికి పట్టవు, పండ్లు నొచ్చును, వాసన పసిగట్టు శక్తి మందగించుటచే ఆహారముపై ఆసక్తి తగ్గును. వీనికి తోడు మూత్రపిండముల వ్యాధి, మధుమేహము, థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేయుట అనునవి ఆ వయస్సునకే పొంచియుండును. చుక్కి నిరుడు 4.2 కిలోలనుండి 3.7 కిలోలకు దిగినది. అరకిలోయే గదా అని అనిపించవచ్చును గాని, అది దాని దేహములో నూటికి పండ్రెండు వంతులు. 60 కిలోల మనిషి ఏడు కిలోలు తగ్గుటతో సమానము. అంతకన్న నన్ను కలవరపెట్టిన విషయ మొకటి కలదు: అది మునుపటికన్న ఎక్కువ తినుచు, గిన్నె నాకి మఱల అడుగుచు, అయినను వెన్నెముక చేతికి తగులునట్లు చిక్కిపోవుచుండెను.

ఆ నెల నా చేతిలోనున్న సొమ్మునకు రెండు దారులు కనబడినవి: ఖరీదైన బలవర్ధకాహారము కొనుట, లేదా రక్తపరీక్ష చేయించుట. “అన్నయ్యా, ముందు తిండి మార్చి చూడరాదూ, ఇంత చిన్న ప్రాణికి రక్తపరీక్షలా?” అని మా తమ్ముడు ప్రేమతోనే అడిగెను. ఆకలి మందగించి చిక్కిన పిల్లికైతే అతని మాట ఆలోచింపదగినదే. ఆకలి పెరిగియు చిక్కు పిల్లికి తిండి పెంచుట చిల్లికుండలో నీరు పోయుటయే అని నా యభిప్రాయము. పరీక్షకు రెండువేల ఐదువందల రూపాయలు వెచ్చించితిమి. థైరాయిడ్ హార్మోను హెచ్చుగా నున్నదని తేలెను. పశువైద్యుడు నిర్ణయించిన మోతాదులో వాడు మాత్రలకు నెలకు రెండువందల రూపాయలకు మించి ఖర్చగుట లేదు. కారణ మెఱుగక బలవర్ధకాహారమునకు వెచ్చించియుండిన యెడల, రెండు నెలలలోనే ఆ పరీక్ష వెలకన్న ఎక్కువ సొమ్ము వ్యర్థమైయుండును.

అటుపిమ్మట ఆహారమును గూర్చిన లెక్క. నాలుగు కిలోల పిల్లికి దినమునకు సుమారు 200 కిలోక్యాలరీల ఆహారము కావలయును. పొట్లము మీది ధరను బట్టి గాక క్యాలరీని బట్టి వెల కట్టితిని. మా వీధి దుకాణములో నేను కొన్న పొడి ఆహారము వంద కిలోక్యాలరీలకు పది రూపాయల లోపు పడును. ఉడికించిన కోడిగ్రుడ్డు రమారమి అంతే. తడి ఆహారపు చిన్న పొట్లములైతే అన్ని క్యాలరీలకే డెబ్బది రూపాయలు పడును. తడి ఆహారములో అధికభాగము నీరే గనుక మనము నీటిని కొనుచున్నట్లు తోచును గాని, స్వభావముచేతనే తక్కువ నీరు త్రాగు పిల్లికి, అందును ముసలి మూత్రపిండములకు, కావలసినది ఆ నీరే. కావున పూర్తిగా మానక, దినమున కొక పొట్లము మాత్రమే ఉంచి, మిగిలినది పొడి ఆహారముగా నిర్ణయించి, దానిలో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగులనీయక కోడిమాంసము నుడికించిన గోరువెచ్చని నీటిని కలుపుచున్నాము. వెచ్చదనముచే వాసన లేచి చుక్కి ఆసక్తితో తినును. పెరుగన్నముతో సరిపెట్టుట పొదుపని తలచువారికి ఒక మాట చెప్పవలయును: పిల్లి దేహము టారిన్ అను పదార్థమును చాలినంత తయారు చేసికొనలేదు, అది ముఖ్యముగా మాంసాహారమునుండి రావలయును, లోపించినచో కన్నులును గుండెయు చెడును.

స్థూలించిన పిల్లి గలవారికిని ఖర్చు కొలత వేఱు గాదు, క్యాలరీని బట్టి లెక్క కట్టుటయే. అయితే దానిని పస్తులుంచరాదు. కొన్ని దినములు తినకపోయినచో కాలేయములో క్రొవ్వు చేరి ప్రాణాపాయమగును గనుక నెమ్మదిగా, వైద్యుని పర్యవేక్షణలో తగ్గింపవలయును.

నేను కొన్నవానిలో మిక్కిలి ఉపయోగకరమైనది పసిపిల్లలను తూచు త్రాసు. మనుష్యులు నిలుచు త్రాసుపై పిల్లి నెత్తుకొని తూగి మన బరువును తీసివేయుట ఖర్చులేని ఉపాయమే గాని, అట్టి త్రాసులు పెక్కు నూఱేసి గ్రాముల చొప్పున మాత్రమే చూపును. చుక్కికి నూఱు గ్రాములనగా నూటికి రెండున్నర వంతులు. పక్షమున కొకసారి తూచి, ఆ సంఖ్యను రూపాయల ప్రక్కనే పద్దులో వ్రాయుదును. రెండు వరుసలును ఒక్క పుటలో నుండుటచే ఏ ఖర్చు దాని ఒంటికి పట్టినదో, ఏది పట్టలేదో కంటికి గట్టును.

ఇంత వయస్సు మీరిన పిల్లిని క్రొత్తగా చేర్చుకొను బీమా మాకు దొరకలేదు గనుక, మున్ముందు చికిత్సకు కావలసిన సొమ్మును మేమే కూడబెట్టవలసివచ్చెను. తపాలా కార్యాలయపు రికరింగు డిపాజిట్టు కాలపరిమితి ఐదేండ్లు. చుక్కి ఆయుర్దాయమునకు అది పొసగదు. కావున బ్యాంకులో ఏడాది కాలమునకు నెలకు వేయి రూపాయల చొప్పున దాచుచున్నాను. వైద్యుడు చికిత్స నొకదానిని సూచించిన దినమున, దానివలన చుక్కికి సుఖమా, కష్టమా అన్నదే మేము ఆలోచింపవలయును గాని, చేతిలో ఎంత ఉన్నదన్నది మాకు బదులుగా నిర్ణయింపరాదు. థైరాయిడ్ అదుపులోనికి వచ్చినప్పుడు అంతవఱకు దాగియున్న మూత్రపిండముల బలహీనత బయటపడుట కలదు. ఇప్పుడు చుక్కి నాలుగు కిలోలున్నది; మూత్రపిండముల పరీక్షకు కావలసిన సొమ్మును ఆ డిపాజిట్టుతో కలుపక, వచ్చు నెల పద్దులో విడిగా వ్రాసి ఉంచితిని.