సర్వర్ గది డైరీ

జూన్ 3

పాత సెంటోస్ 7 మిషన్‌లో సెక్యూర్‌టీటీవై ఫైలు చదివాను. రూట్ ఏ టెర్మినల్ మీద లాగిన్ కావచ్చో ఆ జాబితా. ఖాళీ ఫైలు పెడితే రూట్‌కి ఏ కన్సోల్ మీదా దారి లేదు. ఫైలునే తీసేస్తే అన్నిటి మీదా దారి ఉంది. ఈ తేడా తెలియకుండా దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

జూన్ 4

కొత్త కుర్రాడు ఎల్‌ఎస్ కొట్టి చూశాడు. "టీటీవై2 నా పేరు మీద ఉందేంటి సార్?"

లాగిన్ కాగానే ఆ కన్సోల్ డివైస్ ఫైలు మనిషి పేరుకి మారుతుంది. లాగౌట్ కాగానే మళ్ళీ రూట్‌ది. గ్రూపు టీటీవై, పర్మిషన్ 620. అంటే గ్రూపుకి రాసే హక్కే ఉంది, చదివే హక్కు లేదు. రైట్ కమాండ్ పక్కవాడి తెర మీద రాసేది ఆ ఒక్క డబ్ల్యూతోనే. 'మెస్‌జీ ఎన్' కొట్టించాను. 600 అయింది. మళ్ళీ చూసుకున్నాడు. అర్థమైంది. మంచి ప్రశ్న అడిగాడు.

జూన్ 6

డెస్క్‌టాప్ తెర లాక్ చేసి ఎవరో భోజనానికి వెళ్ళారు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి ఇంకో కన్సోల్‌కి వెళ్ళాను. రూట్ ప్రాంప్ట్, తెరిచే ఉంది. లాక్ ఆ ఒక్క తెరకే. రూట్ షెల్‌కి టీఎంఅవుట్ 300 పెట్టాను. ఐదు నిమిషాలు ఏమీ కొట్టకపోతే బయటికి పంపేస్తుంది.

జూన్ 9

డిస్క్ మార్పు. నోలాగిన్ ఫైలు పెడితే రూట్ తప్ప ఎవరూ లోపలికి రాలేరు, మిగతావాళ్ళు అందులో రాసింది చదివి వెనక్కి పోతారు. తెలుగులో రాశాను. కన్సోల్ మీద అక్షరాలు రాలేదు. కన్సోల్ ఫాంటులో 512 గ్లిఫ్‌లకు మించి పట్టవు. ఒత్తులూ గుణింతాలూ కలపడం దానికి రాదు. ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో వస్తే అదే వాక్యం చక్కగా కనబడింది. మిషన్ ముందు కూర్చున్నవాడికే మన లిపి అందలేదు. బాధేసింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టాను.

జూన్ 10

ఉబుంటు 22.04 మిషన్ ఒకటి, చాలాకాలంగా అప్‌డేట్ లేదు. అందరి తెరల మీదికీ కబురు పంపే వాల్ కమాండ్‌కి సెట్‌జీఐడీ బిట్ ఉంది, అంటే అది టీటీవై గ్రూపు హక్కుతో నడుస్తుంది. 2024 మార్చిలో బయటపడ్డ లోపం ఇందులోదే: ఎస్కేప్ సీక్వెన్సులు వడకట్టకుండా అవతలి తెర మీదికి పోతాయి. సుడో పాస్‌వర్డ్ అడుగుతున్నట్టే నమ్మించొచ్చు. 2013 నుంచీ కోడ్‌లో ఉంది. బిట్ తీసేశాను. అప్‌డేట్ పెట్టాను.

జూన్ 12

టీఐఓసీఎస్‌టీఐ గురించి చదివాను. ఒక ప్రోగ్రామ్ తన టెర్మినల్‌లోకి, మనమే కొట్టినట్టు అక్షరాలు తోసే పిలుపు. రూట్‌గా ఉండి ఎస్‌యూతో మామూలు యూజర్‌లోకి దిగితే, అక్కడి ప్రోగ్రామ్ మన రూట్ షెల్‌కే కమాండ్ అందించగలదు. దీన్ని మూసేసే వీలు కెర్నెల్ 6.2లో వచ్చింది. పాత మిషన్‌ది 3.10. సెంటోస్ 7కి సపోర్టు 2024 జూన్ 30తోనే ఆగిపోయింది. ఆ మిషన్ మార్చాల్సిందే.