గోలీకాయంత సంగటి

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. కోట లోపలికి అడుగు పెట్టగానే అంగళ్ల ముందు చిప్సు ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. పెన్నా లోయ చూడవచ్చిన వాళ్ల కోసం కట్టినవే అయినా, కోటలోనే కాపురముంటున్న ఊరివాళ్ల పిల్లలకూ చెయ్యి చాస్తే అందుతాయి. నేను వచ్చింది లోయ కోసం కాదు, ఆ పిల్లలు ఏం తింటున్నారో చూద్దామని.

అంగన్‌వాడీలో మధ్యాహ్నం అన్నం, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు. నాలుగేళ్ల పిల్లోడు పప్పులోంచి ఆకు ముక్కలన్నీ ఏరి పళ్లెం అంచున వరసగా పెట్టాడు. గుడ్డులో తెల్లసొన తిని పచ్చసొన పక్కకు తోసేశాడు. ఆయమ్మ గద్దించలేదు, బతిమాలలేదు. "రేపు మళ్లీ పెడతాం సార్. వాడి పక్కనోడు తింటాండాడు గదా, వాన్ని జూస్తా జూస్తా వీడూ తింటాడు" అంది.

ఆమె అనుభవంతో చెప్పిన మాటే పరిశోధనల్లోనూ తేలింది. రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య చాలామంది పిల్లలు కొత్త తిండిని చూసి జంకుతారు. అది మొండితనం కాదు, ఆ వయసు స్వభావం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లీన్ బర్చ్ 1980ల నుంచి పసిపిల్లల తిండి అలవాట్లను పరిశీలించారు. కొత్త రుచి నచ్చాలంటే ఒకటి రెండుసార్లు చాలదు, పది పదిహేనుసార్లు నాలుకకు తగలాల్సి రావచ్చు. మనం మూడోసారికే "మావాడికి ఇది పడదు" అని తీర్పు చెప్పేస్తాం. "ఇది తింటే అది కొనిస్తా" అని ఆశపెడితే ఆ తిండి మీద ఇష్టం ఇంకా తగ్గుతుందని కూడా ఆమె ప్రయోగాల్లో బయటపడింది.

ఊళ్లో ఒక ఇంట్లో అవ్వ సంగటి కెలుకుతోంది. ఉడికిన నూకల మీద రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, కట్టెతో కలియతిప్పి, తడి చేత్తో ముద్ద చేసింది. పెద్దలకు చేరెడేసి ముద్దలు. మనవరాలికి మాత్రం గోలీకాయలంతవి, నెయ్యి రాసి, చెనిక్కాయల పొడిలో దొర్లించినవి. ఆ దొర్లించే పని మనవరాలిదే. తన చేత్తో చేసింది గనక నోట్లో వేసుకుంటుంది. నాలుగు తిని లేచిపోయింది. ఇంకో రెండు కుక్కాలని అవ్వ చెయ్యి ముందుకు పోయింది గానీ, కోడలు ఆపింది: "చాల్లే అత్తా, ఆకలైతే అదే అడుగుతాది."

అవ్వ తొందరకూ కారణముంది. అలనాటి ధాత కరువు నుంచి 1952 కరువులో నడిచిన గంజి కేంద్రాల దాకా ఆకలిని తరతరాలుగా ఎరిగిన సీమ ఇది. కోటలోని జుమ్మా మసీదు పక్కనున్న పెద్ద ధాన్యాగారాన్ని చూస్తే తిండిగింజను ఇక్కడ ఎంత భద్రంగా దాచుకున్నారో తెలుస్తుంది. అలాంటి చోట "నాకొద్దు" అనే మాట పెద్దల చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. అయినా ఈ విషయంలో కోడలి మాటే సరైనది. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని. ఎంత తినాలన్నది పిల్ల కడుపు చెప్పాలి.

ఆ కడుపు నిజం చెప్పాలంటే ముందు ఆకలి వెయ్యాలి. పదకొండు గంటలకు ఒక ప్యాకెట్, ఒక గ్లాసు టీ పడితే పన్నెండున్నరకు పప్పన్నం మీద మనసెలా పోతుంది? పైగా తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా టీ అడ్డుపడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. ఆకుకూర పప్పు మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఇక వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పది దరిదాపు. ఇంత బలమైన తిండి ఇంట్లోనే ఉడుకుతుంటే పిల్లల చెయ్యి అంగడి తోరణం వైపు పోతోంది.

తప్పు పిల్లలది కాదు. సాయంత్రం లోయ అంచున చూశాను: ఫొటోలు తీసుకుంటున్న యాత్రికులు ముద్దొచ్చిన పిల్లల చేతుల్లో ప్రేమగా చిప్సు ప్యాకెట్లు పెడుతున్నారు. ఒక్కొక్కరు ఒక్కటే ఇస్తారు. సెలవు రోజున అవే నాలుగైదవుతాయి.

గండికోటకు వచ్చేవాళ్లకు ఒక మనవి. ఈ పిల్లలకు ఏదైనా ఇవ్వాలనిపిస్తే అరటిపండో, గుప్పెడు చెనిక్కాయలో ఇవ్వండి. అదీ వాళ్లమ్మను అడిగి, అన్నాల వేళ దాటాక.